బొనైర్‌లో స్కూబా డైవింగ్: బస ఎంచుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

"బొనైర్ వెళ్తున్నాం, ఏ హోటల్ బాగుంటుంది?" కరీబియన్ సముద్రంలోని ఈ దీవి గురించి డాలస్ నుంచి, అట్లాంటా నుంచి, న్యూజెర్సీ నుంచి ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఒక పేరు చెప్పి ఊరుకుంటే అది ఒకరికి కుదురుతుంది, ఇంకొకరికి వారమంతా చిరాకు తెప్పిస్తుంది. అందుకే పేరు కాకుండా పద్ధతి రాస్తున్నాను.

డైవింగ్ ట్రిప్‌లో గది అంటే పడుకునే చోటు మాత్రమే కాదు. నీళ్ళలో పీల్చే గాలి నింపిన ట్యాంకు ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎంత దూరం మోయాలి, నీళ్ళలోకి ఎక్కడ దిగాలి, తడి సామాను ఎక్కడ ఆరాలి అన్నవన్నీ గదితోనే తేలిపోతాయి. ఈ నాలుగూ కుదిరాకే ఫొటోలు, స్విమ్మింగ్ పూల్, బ్రేక్‌ఫాస్ట్ చూడండి.

1. ముందు, దీవి ఇదేనా అని తేల్చుకోండి

బొనైర్ అంటే ప్రధానంగా ఒడ్డు నుంచి చేసే షోర్ డైవింగ్. పికప్ బండి వెనక ట్యాంకులు పెట్టుకుని బయల్దేరతారు. రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ళ మీద డైవ్ సైట్ల పేర్లు రాసి ఉంటాయి. నచ్చిన చోట బండి ఆపి, సామాను తగిలించుకుని, నడుచుకుంటూ నీళ్ళలోకి దిగిపోతారు. పడవ టైముకి లేవాల్సిన పని లేదు. గైడ్ కూడా ఉండడు.

ఈ స్వేచ్ఛ కావాలనుకునే వాళ్ళకి ఇంతకంటే మంచి చోటు కరీబియన్‌లో లేదని నా నమ్మకం. కానీ ఎవరో ఒకరు ముందుండి దారి చూపిస్తేనే ధైర్యంగా ఉండేవాళ్ళు, ట్యాంకు మోయడం కష్టమైన వాళ్ళు, ఈ కింది దీవులు కూడా చూడండి.

- కోజుమెల్ (మెక్సికో): దాదాపు అంతా పడవ మీదే. ప్రవాహం తీసుకెళ్తుంటే దాంతో పాటు సాగే డ్రిఫ్ట్ డైవింగ్. పాలంకార్, సాంతా రోసా, కొలంబియా లాంటి పేరున్న రీఫ్‌లు (పగడపు దిబ్బలు) నైరుతి వైపు ఉంటాయి కాబట్టి దక్షిణపు హోటళ్ళ నుంచి పడవ ప్రయాణం తగ్గుతుంది. సాన్ మిగెల్ ఊళ్ళో ఉంటే తిండికి, తిరగడానికి బాగుంటుంది.
- రోఅతాన్ (హొండూరాస్): వెస్ట్ ఎండ్, వెస్ట్ బే దగ్గర ఉంటే పడవ ఎక్కిన కొద్ది నిమిషాల్లో రీఫ్ వస్తుంది. కుట్టే ఇసుక ఈగలకి సిద్ధపడి వెళ్ళాలి.
- లిటిల్ కేమన్: బ్లడీ బే వాల్ అనే, నీళ్ళలో నిటారుగా దిగే రీఫ్ గోడ కోసం వెళ్తారు. చిన్న విమానంలో చేరాలి కాబట్టి డైవ్ సామాను బరువు ముందే లెక్క వేసుకోవాలి. బస దొరికే చోట్లు కొన్నే.

ఇవన్నీ చూశాక కూడా బొనైరే అనిపిస్తే కిందికి చదవండి.

2. వెతకడానికి ముందు ఒక కాగితం మీద రాసుకోండి

హోటల్ సైటు తెరిస్తే మనసు ఫొటోల మీదికి పోతుంది. అందుకే ఈ ప్రశ్నలకి ముందు జవాబులు రాసుకోండి.

- రోజుకి ఎన్ని డైవ్‌లు చేస్తారు? రెండా, నాలుగా?
- అందులో రాత్రి డైవ్‌లు ఉంటాయా?
- మీ బృందంలో డైవ్ చేయని వాళ్ళు ఎవరు? పిల్లలా, పెద్దవాళ్ళా, నీళ్ళంటే భయపడే భార్యో భర్తో?
- ఎవరికైనా మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి ఉందా?
- మీలో పికప్ నడిపేది ఎవరు? గేర్ల బండి వచ్చా?
- వారంలో ఎన్ని పూటలు గదిలో వండుకుంటారు?
- చివరిగా డైవ్ చేసి ఎన్నాళ్ళయింది?

చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఏడాది పైన గ్యాప్ ఉంటే సొంతంగా తిరిగే అపార్ట్‌మెంట్ కంటే, డైవ్ షాపు ఆవరణలోనే ఉన్న రిసార్ట్ మేలు. వెళ్ళగానే ఒక రిఫ్రెషర్ (పాత పాఠాలు గుర్తుచేసే డైవ్) చేసి, మొదటి రెండు రోజులు రిసార్ట్ మెట్ల దగ్గరే దిగి అలవాటు పడవచ్చు.

3. పటం మీద నాలుగు భాగాలు గుర్తించండి

దీవి చిన్నదే, ఒక కొస నుంచి ఇంకో కొసకి నలభై కిలోమీటర్ల లోపే. అయినా ఏ వైపు ఉన్నామన్నది చాలా ముఖ్యం. కారణం గాలి. ఏడాదిలో ఎక్కువ భాగం తూర్పు నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. తూర్పు తీరం మీద అలలు విరుచుకుపడుతుంటే పడమటి తీరం ప్రశాంతంగా ఉంటుంది. మామూలు డైవింగ్ అంతా పడమట, ఎదురుగా ఉన్న క్లైన్ బొనైర్ అనే చిన్న దీవి చుట్టూ జరుగుతుంది. అందుకే సముద్రం పక్కనే గది అని చూసి మురిసిపోకండి. ఏ సముద్రం పక్కన అన్నది పటంలో చూడండి.

*దీవి ముఖ్య ఊరు క్రాలెండైక్‌కి ఉత్తరపు అంచు.* డైవ్ రిసార్ట్‌లు ఎక్కువగా ఇక్కడే వరుసగా ఉంటాయి. బడ్డీ డైవ్, కెప్టెన్ డాన్స్ హ్యాబిటాట్, శాండ్ డాలర్ లాంటివి ఈ తీరంలోనివే. చాలావాటికి సొంత జెట్టీ, నీళ్ళలోకి మెట్లు, ఎదురుగానే హౌస్ రీఫ్, అంటే బస ముందే ఉన్న రీఫ్. శాండ్ డాలర్ ముందున్న బారి రీఫ్‌లో చేపల రకాలు చాలా ఎక్కువ. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఈ భాగమే చూడమని చెబుతాను. అటు ఉత్తరాన ఉన్న కర్పాటా, 1000 స్టెప్స్ అనే డైవ్ సైట్లు దగ్గర, ఇటు ఊరు దగ్గర.

*ఊరి మధ్య.* హోటళ్ళు, కాఫీ షాపులు, సూపర్‌మార్కెట్ నడక దూరంలో ఉంటాయి. డైవ్ చేయని వాళ్ళు బండి కోసం ఎదురుచూడకుండా వాళ్ళంతట వాళ్ళు తిరగొచ్చు. క్రూయిజ్ షిప్పులు వచ్చిన రోజు రద్దీగా ఉంటుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ మధ్య వెళ్తుంటే షిప్పుల తేదీలు చూసుకోండి.

*దక్షిణం, బెల్నెమ్ వైపు.* విమానాశ్రయం దాటాక మొదలవుతుంది. అద్దె ఇళ్ళు, విల్లాలు ఎక్కువ. హిల్మా హుకర్ ఓడ శిథిలం, ఏంజెల్ సిటీ, సాల్ట్ పియర్ (ఉప్పు ఓడల జెట్టీ), ఇంకా కిందికి వెళ్తే ఇన్విజిబుల్స్ అన్నీ ఈ దారిలోనే ఉన్నాయి. 1984లో మునిగిన హిల్మా హుకర్ చూడాలని, ఉదయాన్నే రద్దీ లేనప్పుడు దిగాలని ఉంటే ఈ వైపు బస కలిసొస్తుంది. కొన్ని ఇళ్ళు రోడ్డుకి అటువైపు ఉంటాయి. సముద్రం కనిపిస్తుంది గాని అక్కడినుంచి దిగడానికి చోటు ఉండదు.

*తూర్పు తీరం, సొరోబాన్ వైపు, లోపలి రింకన్ ఊరు.* లాక్ బే దగ్గర విండ్‌సర్ఫింగ్‌కి వచ్చేవాళ్ళకి సొరోబాన్ బాగుంటుంది. లోతు తక్కువ, గాలి ఎక్కువ. రోజుకి మూడు డైవ్‌లు చేసేవాళ్ళు ఇక్కడ ఉంటే ప్రతి డైవ్‌కీ దీవి దాటి రావాలి. రింకన్ ప్రశాంతమైన ఊరు, డైవింగ్‌కి మాత్రం దూరం.

ఒక చిన్న సంగతి. 1000 స్టెప్స్ దాటాక కర్పాటా వైపు వెళ్ళే తీరపు రోడ్డు ఒకే దిశలో నడుస్తుంది. తిరిగి రావాలంటే రింకన్ మీదుగా చుట్టి రావాలి. ఉత్తరపు సైట్లకి ఎక్కువసార్లు వెళ్ళాలనుకుంటే ఆ చుట్టు ప్రయాణం లెక్కలోకి తీసుకోండి.

4. ట్యాంకుల దారి గీసి చూడండి

ఈ మెట్టు మీద గంట సమయం పెట్టినా ఎక్కువ కాదు. బొనైర్‌లో ఇచ్చే మామూలు అల్యూమినియం ట్యాంకు గాలితో కలిపి సుమారు పదిహేడు కిలోల బరువుంటుంది. ఇద్దరు రోజుకి మూడు డైవ్‌లు చేస్తే ఆరు ట్యాంకులు. అవి నిండుగా బండి ఎక్కాలి, ఖాళీగా దిగాలి. గదికీ ట్యాంకులకీ దూరం ఉంటే రోజూ ఈ పనే సగం ఓపిక తినేస్తుంది.

మూడు రకాల ఏర్పాట్లు ఉంటాయి.

అ) డ్రైవ్-త్రూ ఉన్న రిసార్ట్. బండి నేరుగా ట్యాంకుల షెడ్డు దగ్గరికి వెళ్తుంది. ఖాళీవి దించి, నిండువి ఎక్కించుకుని వెళ్ళిపోతారు. ఊరి ఉత్తరాన ఉన్న పెద్ద రిసార్ట్‌లలో ఇది మామూలే. బయట బస చేసేవాళ్ళకి కూడా ఈ ట్యాంకులు ప్యాకేజీగా ఇచ్చే చోట్లు ఉన్నాయి.

ఆ) జెట్టీ మీదే ట్యాంకులు. హౌస్ రీఫ్‌లో దిగేవాళ్ళకి ఇదే స్వర్గం. రాత్రి షాపు మూసేశాక కూడా ట్యాంకులు అందుబాటులో ఉంటాయా అని తప్పక అడగండి. కొన్ని చోట్ల లాకర్‌తో పాటు రాత్రంతా తీసుకునే వీలు ఇస్తారు, కొన్ని చోట్ల సాయంత్రమే తెచ్చి పెట్టుకోవాలి.

ఇ) అపార్ట్‌మెంట్, పక్కన ఎక్కడో డైవ్ షాపు. ధర తక్కువ, వంటగది పెద్దది. కానీ రోజూ ఉదయం షాపు తెరిచే టైముకి మీ డైవింగ్ కట్టుబడిపోతుంది. ఇలాంటి బస తీసుకుంటే, ఒకటి కంటే ఎక్కువ శాఖలున్న డైవ్ షాపు దగ్గర ట్యాంకుల ప్యాకేజీ కొనండి. దక్షిణాన డైవ్ చేసిన రోజు అక్కడే మార్చుకోవచ్చు.

నైట్రాక్స్ (ఆక్సిజన్ శాతం పెంచిన గాలి) విషయం కూడా ఇక్కడే తేల్చాలి. రోజుకి మూడు నాలుగు డైవ్‌లు వరుసగా చేసేవాళ్ళకి అది బాగా ఉపయోగం. సర్టిఫికేషన్ ఉంటే మామూలు గాలి ధరకే ఇచ్చే షాపులు ఉన్నాయి. ట్యాంకులో ఆక్సిజన్ శాతం మీరే కొలిచి రాసుకోవాలి కాబట్టి అనలైజర్ ఎక్కడ ఉంటుందో చూసుకోండి. సర్టిఫికేషన్ లేకపోతే ఇంటి దగ్గరే పూర్తిచేసి వెళ్ళండి, సెలవు రోజులు మిగులుతాయి.

మీ రెగ్యులేటర్ (ట్యాంకులోని గాలిని నోటికి అందించే పరికరం) ట్యాంకుకి బిగించే తీరు డిన్ రకమా, యోక్ రకమా అన్నది షాపుకి ముందే రాయండి. ఎక్కువచోట్ల రెండూ సర్దుతారు. అయినా మొదటి రోజు ఉదయం తెలుసుకోవాల్సిన సంగతి కాదది.

5. నీళ్ళలోకి దిగే చోటు

బొనైర్ తీరంలో మెత్తటి ఇసుక తక్కువ. పగడపు ముక్కలు, గరుకు సున్నపురాయి, మధ్యమధ్య గుంతలు. గట్టి అడుగు ఉన్న బూటీలు లేకుండా దిగలేరు. నిండు సామానుతో చిన్న అల వచ్చినా కాలు తడబడుతుంది. మార్గం దొరికి లోపలికి వెళ్ళాక చాలా చోట్ల కొద్ది దూరం ఈదితే చాలు, పది మీటర్ల లోతు దగ్గర రీఫ్ వాలుగా కిందికి జారుతూ కనిపిస్తుంది.

అందుకని బృందంలో ఒక్కరికైనా మోకాళ్ళ ఇబ్బంది ఉంటే, జెట్టీ, చేతిపట్టు ఉన్న మెట్లు రెండూ ఉన్న బసనే తీసుకోండి. వాళ్ళు రోజంతా హౌస్ రీఫ్‌లో చేసుకుంటారు, మిగతావాళ్ళు బండేసుకుని తిరుగుతారు. 1000 స్టెప్స్ పేరు చూసి బెదిరిపోకండి, మెట్లు నిజానికి డెబ్బై లోపే. అయితే ట్యాంకు వీపున వేసుకుని పైకి ఎక్కేటప్పుడు అవే ఎక్కువ అనిపిస్తాయి.

రాత్రి డైవ్‌లు ఇష్టమైన వాళ్ళకి హౌస్ రీఫ్ విలువ రెట్టింపవుతుంది. చీకట్లో తెలియని ఒడ్డు వెతుక్కుంటూ బండి నడపక్కర్లేదు. రోడ్డు మీద గాడిదలు, మేకలు తిరుగుతుంటాయి కూడా. లైటు వేస్తే ఆ వెలుగులో వేటాడుకుంటూ పెద్ద టార్పన్ చేపలు పక్కనే వస్తాయి. పౌర్ణమి దాటిన కొన్ని రోజులకి, సూర్యాస్తమయం తర్వాత, చంద్రుడు ఇంకా రాకముందు ఆస్ట్రాకాడ్ అనే చిన్న జీవులు నీళ్ళలో వెలుగు చుక్కల దండలు పేరుస్తాయి. లైట్లు ఆర్పి చూడాలి. ఇది చూడాలని ఉంటే పౌర్ణమి తేదీ చూసి ట్రిప్ పెట్టుకోండి, మెట్లు దిగితే రీఫ్ ఉండే గది తీసుకోండి.

ఎప్పుడైనా గాలి దిశ మారితే పడమటి ఒడ్డు కూడా అల్లకల్లోలమవుతుంది. బొనైర్ సాధారణంగా తుపాన్ల దారికి దక్షిణాన ఉంటుంది. అయినా 1999 నవంబర్‌లో లెన్నీ, 2008 అక్టోబర్‌లో ఒమర్ వచ్చినప్పుడు పడమటి తీరానికే దెబ్బ తగిలింది. జూన్ నుంచి నవంబర్ మధ్య వెళ్తుంటే రద్దు చేసుకునే వీలున్న బుకింగే చేయండి.

6. గదిలో ఏమేం చూడాలి

*ఏసీకి కరెంటు.* ఇక్కడ కరెంటు ఖరీదు. కొన్ని అపార్ట్‌మెంట్లలో కరెంటు బిల్లు గది అద్దెలో కలవదు, మీటరు చూసి వసూలు చేస్తారు. కొన్నిచోట్ల ఏసీ పడకగదిలో మాత్రమే ఉంటుంది. మూడు డైవ్‌ల తర్వాత నిద్ర సరిగ్గా పట్టకపోతే మర్నాడు డైవ్ పాడవుతుంది కాబట్టి ఇది ముఖ్యం.

*వోల్టేజీ.* 127 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గులు అమెరికా రకం. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల రైస్ కుక్కర్ ఇక్కడ సరిగా ఉడికించదు. అమెరికాలో కొన్నది పని చేస్తుంది. మిక్సీ లాంటి మోటారు వస్తువులు వేడెక్కుతాయి, పొడులు ఇంట్లోనే కొట్టించి తీసుకెళ్ళండి. కెమెరా, టార్చ్ ఛార్జర్ల మీద 100–240 అని ఉంటే దిగులు లేదు.

*వంటగది.* శాకాహారులు ఉంటే వంటగది ఉన్న గదే తీసుకోమంటాను. ఊళ్ళో సూపర్‌మార్కెట్ పెద్దదే. బియ్యం, కూరగాయలు, పెరుగు దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, సాంబారు పొడి, పచ్చడి మాత్రం మీ సంచిలోనే ఉండాలి. పచ్చడి సీసా చెక్-ఇన్ లగేజీలో, రెండు కవర్లలో. "కిచెనెట్" అని రాసి ఉంటే స్టవ్ ఎన్ని బర్నర్లదో ఫొటో అడగండి. మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ పెట్టి ఆ పేరు పెట్టే చోట్లు ఉన్నాయి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇస్తారు.

*తడి సామాను.* గది బయట కడుక్కునే తొట్టి, తాడు, గాలి తగిలే చోటు కావాలి. రాత్రి బయట వదిలేయడానికి తాళం వేసే గది ఉండాలి. బాత్రూమ్‌లో నాలుగు వెట్‌సూట్లు (చలి ఆపే డైవింగ్ దుస్తులు) వేలాడదీసి వారం గడపడం చాలా కష్టం.

*భద్రత.* డైవ్ సైట్ల దగ్గర ఆపిన బండ్లలోంచి వస్తువులు పోవడం బొనైర్‌లో ఎప్పటినుంచో ఉన్న సమస్య. బండిలో ఏమీ వదలకూడదు, అద్దాలు కూడా దించి వెళ్ళమని అక్కడివాళ్ళే చెబుతారు. అంటే పాస్‌పోర్టు, ఫోను, డబ్బు అన్నీ గదిలోనే ఉండాలి. గోడకి బిగించిన సేఫ్ ఉందా, కిటికీలకి గడియలు గట్టిగా ఉన్నాయా అని చూడండి.

*దోమలు.* అక్టోబర్ నుంచి జనవరి దాకా వానలు ఎక్కువ. కిటికీలకి జాలీలు ఉన్న ఇల్లు మేలు.

7. అసలు ఖర్చు ఎంతో లెక్క వేయండి

రాత్రికి ఎంత అని పోల్చకండి. వారానికి, ఒక మనిషికి, ఒక డైవ్‌కి ఎంత పడుతుందో పోల్చండి. కింది వరుసలో కాగితం మీద వేయండి.

1. గది అద్దె, పన్నులు, శుభ్రం చేసే రుసుము, విడిగా ఉంటే కరెంటు.
2. ట్యాంకుల ప్యాకేజీ. ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని?
3. పికప్ అద్దె, బీమా, పెట్రోలు.
4. పడవ డైవ్‌లు. క్లైన్ బొనైర్‌లో మనుషులు ఉండరు, మామూలుగా పడవలోనే వెళ్తారు. వారంలో రెండు పూటలైనా పెట్టుకోండి.
5. దీవిలోకి వచ్చేవాళ్ళు కట్టే ఎంట్రీ ట్యాక్స్ 75 డాలర్లు.
6. మెరైన్ పార్కు నేచర్ ఫీ 40 డాలర్లు. ఆ క్యాలెండర్ సంవత్సరం అంతా చెల్లుతుంది.
7. తిండి. బయట తినే పూటలు, వండుకునే పూటలు విడివిడిగా.

చాలా రిసార్ట్‌లు గది, పికప్, అపరిమిత ట్యాంకులు కలిపి "డ్రైవ్ అండ్ డైవ్" ప్యాకేజీ అమ్ముతాయి. రోజుకి మూడు డైవ్‌లు చేసేవాళ్ళకి అదే చవక అవుతుంది. రోజుకి ఒకటే డైవ్, మిగతా సమయం పిల్లలతో అనుకునే వాళ్ళకి అపార్ట్‌మెంట్, విడి ట్యాంకులు నయం. నలుగురైదుగురు స్నేహితులు కలిస్తే విల్లా చూడవచ్చు. అప్పుడు రెండో బండి ఖర్చు మరిచిపోవద్దు. ఒక పికప్‌లో ఐదుగురు, పది ట్యాంకులు కుదరవు.

8. బుక్ చేసే ముందు ఈ ప్రశ్నలు పంపండి

ఫోనులో కాదు, రాతపూర్వకంగా. జవాబులు దాచుకోండి.

- నిండు ట్యాంకులు గది నుంచి ఎంత దూరంలో ఉంటాయి? రాత్రి కూడా దొరుకుతాయా?
- సముద్రంలోకి దిగడానికి మెట్లు ఉన్నాయా? ఇప్పటి ఫొటో పంపగలరా?
- కొత్తగా వచ్చినవాళ్ళకి ఓరియంటేషన్, చెక్-అవుట్ డైవ్ (సామాను సరిచూసుకునే మొదటి డైవ్) ఏ రోజుల్లో, ఏ టైముకి?
- ఏసీ ఏ గదుల్లో? కరెంటు అద్దెలో కలిసిందా?
- సామాను కడిగే తొట్టి, తాళం వేసే గది ఉన్నాయా?
- పక్కన ఏమైనా కట్టడాలు జరుగుతున్నాయా?
- చివరి రోజు గది ఖాళీ చేశాక స్నానానికి, సామాను పెట్టుకోవడానికి చోటు ఇస్తారా?
- తుపాను వల్ల గాని, విమానం రద్దయి గాని రాలేకపోతే డబ్బు ఎంత వెనక్కి ఇస్తారు?

ఫొటో అడిగితే వెంటనే పంపే యజమాని మిగతా విషయాల్లోనూ స్పందిస్తారు. రెండుసార్లు రాసినా జవాబు రాని చోటు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

9. ఏది ముందు, ఏది తర్వాత

వీసా సంగతి మొట్టమొదట. బొనైర్ నెదర్లాండ్స్ దేశంలో భాగమే గాని షెంగెన్ ప్రాంతంలో లేదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ అమెరికా వీసా లేదా గ్రీన్ కార్డుతో వెళ్ళవచ్చా అన్నది డచ్ ప్రభుత్వ సైటులో చూసుకుని, ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్టులో స్టాంపింగ్ తేదీ చూడకుండా టికెట్ కొనొద్దు. తిరిగి అమెరికా రావడానికి అది కావాలి.

తర్వాత విమానం. అమెరికాలోని అన్ని ఊళ్ళ నుంచీ అన్ని రోజులూ నేరు విమానాలు ఉండవు. విమానం ఏ రోజు దొరికితే ఆ రోజు నుంచే గది. ఈ వరుస తిరగేస్తే మధ్యలో ఒక రాత్రి ఇంకో ఊళ్ళో ఉండాల్సి వస్తుంది.

మూడోది గది, ట్యాంకులు. నాలుగోది పికప్. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాల్లో గదులు దొరికినా బండ్లు అయిపోతాయి కాబట్టి గది ఖాయమైన రోజే బండి కూడా ఖాయం చేయండి. తాళంచెవి మామూలు లోహపుదై ఉండాలని అడగండి. దాన్ని బీసీడీ (గాలి నింపే డైవింగ్ జాకెట్) జేబులో వేసుకుని దిగాలి, ఎలక్ట్రానిక్ తాళంచెవి ఉప్పునీళ్ళలో పోతుంది.

ఐదోది డైవ్ బీమా. దీవి ఆసుపత్రిలో, డైవింగ్ వల్ల వచ్చే ఒత్తిడి జబ్బుకి చికిత్స చేసే హైపర్‌బేరిక్ ఛాంబర్ ఉంది. చికిత్స ఖర్చు మాత్రం మామూలు ట్రావెల్ పాలసీలో చాలాసార్లు కలవదు. డ్యాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) లాంటి డైవర్ల బీమా విడిగా తీసుకోండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

*అందరికీ ఒకే గది సరిపోతుందనుకోవడం.* అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను కూడా తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు, మంచిదే. కానీ ఊరికి దూరంగా విల్లా తీసుకుని ఉదయం ఏడింటికి బండేసుకుని వెళ్ళిపోతే వాళ్ళు మధ్యాహ్నం దాకా నాలుగు గోడల మధ్య ఉండిపోతారు. ఊళ్ళోనో, నీడ, కుర్చీలు ఉన్న రిసార్ట్‌లోనో ఉండండి. ఇప్పటికే బుక్ అయిపోయి ఉంటే, ఉదయం ఒక్క డైవ్ చేసి వచ్చి పూటకి ఒకరు చొప్పున వాళ్ళతో ఉండేలా సర్దుకోండి.

*చవకని చిన్న కారు తీసుకోవడం.* ట్యాంకులు సీట్ల మీద పెట్టనివ్వరు. దక్షిణపు దారులు, వాషింగ్టన్ స్లాహ్‌బాయ్ జాతీయ పార్కు లోపలి మట్టి రోడ్లు ఎత్తైన బండికే. అప్పటికే కారు తీసుకుని ఉంటే ఫోను చేసి మార్పించుకోండి. కుదరకపోతే హౌస్ రీఫ్, పడవ డైవ్‌లతో వారం నడపండి.

*వారం మొత్తం సైట్ల పట్టిక వేసుకుని వెళ్ళడం.* గాలి, అలలు చూసి ఉదయం నిర్ణయించుకోవాలి. సాల్ట్ పియర్‌కి ఓడ కట్టి ఉంటే అక్కడ దిగకూడదు. ప్రతి రోజుకీ ఒక ప్రత్యామ్నాయం రాసుకోండి.

*పార్కు నియమాలు తెలుసుకోకపోవడం.* 1979 నుంచి దీవి చుట్టూ, 60 మీటర్ల లోతు దాకా, రక్షిత మెరైన్ పార్కు. చేతి గ్లవ్స్ వాడకూడదు. ఏదీ తాకకూడదు, తీయకూడదు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌లు నిషేధం, సీసా వెనక చూసి కొనండి. 2023లో రాతి పగడాలను చంపే ఒక కణజాల వ్యాధి ఇక్కడికీ వచ్చింది. సామాను శుభ్రంగా కడిగి, క్రిమిసంహారక ద్రవంలో ముంచి వాడమని డైవ్ షాపులు అడుగుతాయి. ఆ తొట్టి ఉన్న బసను ఎంచుకోవడం ఆ పగడాలకి మనం చేయగలిగిన నిజమైన మేలు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

11. చేరిన రోజు, బయల్దేరే ముందు రోజు

చేరిన సాయంత్రం డైవ్ పెట్టుకోవద్దు. గది చూసి, ఏసీ, సేఫ్, స్టవ్ పని చేస్తున్నాయో లేదో అప్పుడే పరీక్షించండి. లోపం ఉంటే ఆ రాత్రే చెబితే గది మార్చడం సులభం. బియ్యం, కూరగాయలు కొనుక్కుని పడుకోండి. మర్నాడు ఉదయం ఓరియంటేషన్, నేచర్ ఫీ రసీదు, చెక్-అవుట్ డైవ్. ఇవయ్యాకే మిగతా సైట్లు. వెయిట్లు (నీళ్ళలో మునగడానికి కట్టుకునే బరువులు) ఎన్ని కావాలో కూడా ఆ డైవ్‌లోనే తేల్చుకోండి.

చివరి రోజు సంగతి గది తీసుకునేటప్పుడే ఆలోచించాలి. ఒకే ఒక్క డైవ్ చేసినవాళ్ళు విమానం ఎక్కే ముందు కనీసం 12 గంటలు ఆగాలని డ్యాన్ సూచన. రోజూ పలు డైవ్‌లు చేసినవాళ్ళు కనీసం 18 గంటలు, డీకంప్రెషన్ డైవ్‌లు (పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి తీరాల్సినవి) చేసినవాళ్ళు ఇంకా ఎక్కువ. నేను 24 గంటలు పెట్టుకోమనే చెబుతాను. విమానం శనివారం మధ్యాహ్నం అయితే ఈ వరుస సరిపోతుంది:

- శుక్రవారం ఉదయం: చివరి డైవ్, హౌస్ రీఫ్‌లోనే, లోతు తక్కువగా.
- శుక్రవారం మధ్యాహ్నం: సామాను మంచినీళ్ళలో కడిగి నీడలో ఆరవేయడం. రెగ్యులేటర్ మూత బిగించాకే నీళ్ళలో ముంచాలి.
- శుక్రవారం సాయంత్రం: ట్యాంకులు, వెయిట్లు తిరిగి ఇచ్చేసి లెక్క సరిచూసుకోవడం. డైవ్ చేయని వాళ్ళతో ఊళ్ళో భోజనం.
- శనివారం ఉదయం: వెట్‌సూట్, బూటీలు తడి లేకుండా ఉన్నాయో చేత్తో నొక్కి చూసి సర్దడం. తడి వెట్‌సూట్ ఒక్కటి చాలు లగేజీ బరువు పరిమితి దాటిపోవడానికి.
- గది ఖాళీ చేశాక: బండి లోపలి ఇసుక దులిపి, పెట్రోలు నింపి ఇవ్వడం. విమానాశ్రయం ఊరి పక్కనే కాబట్టి దీనికి తొందరపడక్కర్లేదు.